బండి కొనే ముందు డొంక చూసుకోండి

మా బావమరిదికి పెదనందిపాడు వైపు 12 ఎకరాల మిర్చి తోట ఉంది. పిల్లల చదువుల కోసం కాపురం గుంటూరులో పెట్టాడు కాబట్టి వారంలో మూడు నాలుగు రోజులు పొలానికి వెళ్లి రావాలి. ఈ ఏడాది ఎలాగైనా కొత్త బండి కొనాలని పట్టుదల మీద ఉన్నాడు. మొన్నో ఆదివారం ఒక కవరు పట్టుకుని విజయవాడలో మా ఇంటికి వచ్చాడు. కవరు నిండా కొటేషన్లు. మహీంద్రా థార్ (మూడు తలుపులది), దాని ఐదు తలుపుల అన్న థార్ రాక్స్, మారుతీ జిమ్నీ, ఫోర్స్ గుర్ఖా. ఒక్కో బండికి నాలుగైదు రకాలు, పక్కన పెన్నుతో గీసిన సున్నాలు, కొట్టివేతలు.

"బావా, నెల రోజుల నించి చూస్తున్నా. చూసేకొద్దీ అయోమయం పెరుగుతోంది. నువ్వే ఏదో ఒకటి చెప్పు, రేపు పొద్దున్నే అడ్వాన్సు కట్టేస్తా" అన్నాడు.

"అది సరే గానీ, మీ డొంకలో సరిగ్గా ఎక్కడ దిగబడతావు?" అని అడిగాను.

వాడు నా మొహం చూశాడు. డీజిలా, పెట్రోలా అని అడుగుతాననుకున్నాడు పాపం. కానీ ఇలాంటి బండి కొనేటప్పుడు మొదట తేలాల్సిన సంగతి అదే. చాలామంది రంగుతో మొదలుపెడతారు. తర్వాత స్క్రీను, సన్‌రూఫ్ చూస్తారు. ఆ తర్వాత డీజిల్, పెట్రోల్ అని వాదించుకుంటారు. చివరికి డబ్బులు మిగిలితే ఫోర్ బై ఫోర్ గురించి, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే ఏర్పాటు గురించి ఆలోచిస్తారు. దీన్ని తలకిందులు చెయ్యాలి. ఎందుకంటే మన దగ్గర ఏ ఇంజిన్ కావాలంటే ఆ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ కావాలంటే ఆ గేర్‌బాక్స్ విడివిడిగా ఎంచుకునే వీలుండదు. కంపెనీ మూట కట్టి ఇస్తుంది. ఏ మూటలో మనకు తప్పనిసరి వస్తువు ఉందో ముందు చూసుకుంటే, సగం కొటేషన్లు వాటంతట అవే చిత్తుకాగితాలైపోతాయి.

డొంక అంటే తెలియని పట్నం పిల్లల కోసం ఒక మాట. ఊరి రోడ్డు నించి పొలాల మధ్యకు పోయే బండ్ల బాట అది. రెండు పక్కలా తుమ్మ చెట్లు, నేల మీద ట్రాక్టర్ చక్రాలు కోసిన రెండు లోతైన గాడులు, వాటి మధ్య గడ్డి మొలిచిన మిట్ట. మావాడి డొంక కిలోమీటరున్నర ఉంటుంది. అందులో ఇబ్బంది పెట్టేది తూము దాటాక 50 మీటర్ల ముక్క ఒక్కటే. పోయినేడు మిరప నాటే రోజుల్లో రాత్రి వాన పడితే, పొద్దున్నే తన పాత కారు వేసుకుని వెళ్లి అక్కడే ఇరుక్కున్నాడు. నేను కూడా ఆ రోజు పక్క సీట్లో ఉన్నాను. యాక్సిలరేటర్ తొక్కుతుంటే చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం అంగుళం కదలడం లేదు. దిగి చూస్తే టైరు మీద గీతలే కనపడలేదు. నల్లమట్టి గీతల్లో కూరుకుపోయి, టైరు నూనె రాసిన కుండలా నున్నగా మెరుస్తోంది. చెప్పు తీసి పక్కన పెడితే చెప్పుకి రెండు కిలోల మట్టి. చివరికి పక్క పొలం వాళ్ల ట్రాక్టరే గతయింది.

నల్లరేగడి గుణం అది. అందులోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు ఇస్తుంది. తడిసినప్పుడు సబ్బులా జారుతుంది, పైగా టైరుకి అంటుకుని వదలదు. ఇలాంటి నేలలో ఇంజిన్‌కి ఎన్ని గుర్రాల బలం ఉందన్నది రెండో ప్రశ్న. ఆ బలం ఏ చక్రానికి చేరుతోంది, ఆ చక్రానికి పట్టు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

ఇది మాటలతో చెబితే వాడికి ఎక్కలేదు. దాంతో ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ వెనక చక్రాలతో నడిచే బండి ఒకటి జాకీల మీద ఉంది. వెనక చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి, బండి గేరులో ఉంది. ఆయన మావాణ్ణి పిలిచి, "ఇటు పక్క చక్రం ముందుకి తిప్పు బాబూ" అన్నాడు. వీడు తిప్పాడు. అటు పక్క చక్రం వెనక్కి తిరిగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ అంతే. కిందకి వంగి ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి ఇనుప గిన్నె కేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ గిన్నెలో ఉండేదే డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. రెండూ ఒకదానికొకటి అడ్డు పడకుండా చూడటం దాని పని. రోడ్డు మీద దేవుడిలాంటిదే. బురదలో మాత్రం చిక్కు తెస్తుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగానే తిప్పే బలం పంచుతుంది. ఒక చక్రం జారే మట్టిలో ఉంటే అది తిరగడానికి పెద్ద బలం అక్కర్లేదు. ఆ కాస్త బలమే గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ అందుతుంది. అంతకు మించి ఎంత తొక్కినా జారే చక్రమే ఇంకా వేగంగా తిరుగుతుంది, గొయ్యి ఇంకా లోతవుతుంది.

ఫోర్ బై ఫోర్ ఉంటే ఈ బాధ సగం తీరుతుంది, ముందు ఇరుసుకి కూడా బలం వెళుతుంది కాబట్టి. పూర్తిగా తీరదు. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం ఒకేసారి పట్టు తప్పితే నాలుగు చక్రాల బండి కూడా నిలబడిపోతుంది. దీనికి విరుగుడు రెండు రకాలు. మొదటిది, జారుతున్న చక్రానికి బండి తనంతట తానే బ్రేకు వేసి, బలాన్ని రెండో వైపు నెట్టడం. జిమ్నీలో, థార్‌లో ఈ ఏర్పాటు ఉంది. పనిచేస్తుంది గానీ చక్రం కాసేపు జారాకే పనిచేస్తుంది. రెండోది డిఫరెన్షియల్‌ని పూర్తిగా బిగించేసే లాకర్. బిగిస్తే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి పోత పోసినట్టు కలిసి తిరుగుతాయి. గుర్ఖాలో ముందు, వెనక రెండు లాకర్లూ డ్రైవర్ చేతిలోనే ఉంటాయి. రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో వెనక ఎలక్ట్రానిక్ లాకర్ వస్తుంది, బటన్ నొక్కితే చాలు. మూడు తలుపుల థార్‌లో దానంతట అదే బిగుసుకునే మెకానికల్ లాకర్ ఉంది, కానీ అన్ని ట్రిమ్‌లకీ (ఒకే బండిలో వసతుల్ని బట్టి కంపెనీ పెట్టే రకాలకీ) రాదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. బండి వెనక ఫోర్ బై ఫోర్ అనే బిళ్ల కనపడితే అన్నీ ఉన్నట్టే అనుకుంటారు. మీరు కొనే ట్రిమ్‌లో లాకర్ ఉందా లేదా అని షోరూమ్ వాళ్ల చేత కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి. ట్రిమ్ పేర్లు, వాటిలో ఏముందన్నది కంపెనీలు తరచూ మారుస్తుంటాయి, నోటి మాట నమ్ముకోవద్దు.

ఇంకో సంగతి, లో రేంజ్. ఈ బండ్లలో చాలావాటికి గేర్ల పక్కన ఇంకో లివర్ ఉంటుంది. టూ హెచ్ అంటే వెనక చక్రాలకే బలం, రోజూ నడిపేది అందులోనే. ఫోర్ హెచ్ అంటే నాలుగింటికీ. ఫోర్ ఎల్ అంటే నాలుగు చక్రాలకీ బలం పోతుంది, పైగా గేరింగ్ ఇంకా తగ్గుతుంది. థార్‌లో ఈ తగ్గింపు సుమారు రెండున్నర రెట్లు. అంటే ఇంజిన్ చేసే మెలిపెట్టే బలం చక్రం దగ్గరికి వచ్చేసరికి అన్ని రెట్లు పెరుగుతుంది, వేగం అంతకు అంత తగ్గుతుంది. మనిషి నడకకంటే మెల్లగా, క్లచ్ కాలకుండా, గాడిలోంచి బండి పాకుతుంది. అందుకే 130 గుర్రాల బలమున్న ఫోర్ బై ఫోర్, డొంకలో 175 గుర్రాల టూ వీల్ డ్రైవ్ కంటే చాలా ఎక్కువ పని చేస్తుంది. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉండే అంకె ఇక్కడ చిన్నబోతుంది.

తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ హెచ్ వెయ్యకండి. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య ఇంకో డిఫరెన్షియల్ ఉండదు. పట్టున్న నేల మీద మలుపు తిరిగితే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. స్టీరింగ్ బిగుసుకుంటుంది, టైర్లు అరుగుతాయి, అలా నడుపుతూ పోతే లోపలి గేర్లే దెబ్బతింటాయి. వాన పడుతోంది కదా అని హైవే మీద వేసుకుని వెళ్లేవాళ్లున్నారు. అలా చెయ్యకూడదు.

మరి ఇదంతా అందరికీ కావాలా? అక్కర్లేదు. విజయవాడలో ఉద్యోగం, నెలకోసారి కొండపల్లి ఖిల్లా, చలికాలంలో అరకు, మధ్యలో కొండవీడు ఘాట్ అనుకునేవాళ్లకు ఆ దారులన్నీ తారు రోడ్లే. వెనక చక్రాల బండి చక్కగా సరిపోతుంది. ఫోర్ బై ఫోర్ కోసం పెట్టే అదనపు డబ్బు, మోసే అదనపు బరువు, తాగే అదనపు ఇంధనం వాళ్లకు దండగే. ఎత్తుగా, గంభీరంగా కూర్చుని నడపడం ఇష్టమైతే అది మంచి కారణమే, దానికి టూ వీల్ డ్రైవ్ చాలు. ఏడాదిలో పది సార్లు దిగబడే మనిషికి మాత్రం అది చాలదు.

మావాడి కవరులో మొదటి కాగితం 1.5 లీటర్ల డీజిల్ థార్‌ది. అన్నిట్లోకీ చవక. చూడటానికి అచ్చం థారే. "ఇది ఎందుకింత తక్కువ బావా, ఇంజిన్ బాగోదా?" అని అడిగాడు. ఇంజిన్ చాలా బాగుంటుంది. 117 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే మెలిపెట్టే బలం. చవక కావడానికి అసలు కారణం పన్ను. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, డీజిల్ ఇంజిన్ 1,500 సీసీ మించకపోతే, పెట్రోల్ అయితే 1,200 సీసీ మించకపోతే, దాన్ని చిన్న కారు కింద లెక్కేస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి వాటి మీద జీఎస్టీ 18 శాతం. ఆ గీత దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. మూడు తలుపుల థార్ పొడవు 3,985 మిల్లీమీటర్లు, ఈ ఇంజిన్ 1,500 లోపే. రెండు షరతులూ సరిపోయాయి.

అదే థార్‌లో 2.2 లీటర్ల డీజిల్ పెడితే పొడవు సరిపోయినా ఇంజిన్ గీత దాటుతుంది, 40 శాతంలో పడుతుంది. ఇంకా విచిత్రం జిమ్నీది. దాని పొడవూ 3,985 మిల్లీమీటర్లే, బరువు 1,200 కిలోల దగ్గరే. కానీ పెట్రోల్ ఇంజిన్ 1,462 సీసీ, అంటే 1,200 దాటింది. కాబట్టి చిన్నగా కనపడే ఆ బండికీ 40 శాతమే. బండి సైజు చూసి ధర ఊహించుకుంటే ఇలాగే లెక్క తప్పుతుంది. పన్ను గీత దగ్గర కంపెనీలు కూర్చుని ఇంజిన్లు తయారు చేస్తాయి, అది వాళ్ల తప్పేం కాదు. మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆ చవక 1.5 డీజిల్ వెనక చక్రాల డ్రైవ్‌తోనే వస్తుంది. ఫోర్ బై ఫోర్ లేదు, లో రేంజ్ లేదు. మావాడి తూము పక్క 50 మీటర్లు దానికి కొత్త కాదు, పాత కారుకి జరిగిందే దానికీ జరుగుతుంది. ఆ కాగితం పక్కన పెట్టేశాం.

తర్వాత మనుషుల లెక్క. మావాడు, భార్య, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. ఐదుగురు. మూడు తలుపుల థార్‌లో సీట్లు నాలుగే, జిమ్నీలోనూ నాలుగే. పైగా థార్ వెనక సీట్లోకి ముందు సీటు వంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న 70 ఏళ్ల మనిషిని నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లే ఇంట్లో అది కుదరని పని. ఒంటరి మనిషి అయితే, ఇద్దరే అయితే, నేను మూడు తలుపుల 2.2 డీజిల్ ఫోర్ బై ఫోర్ కొనమని గట్టిగా చెప్పేవాణ్ణి. కురచ బండి కాబట్టి గుంటల్లో, మిట్టల మీద దానంత తేలిగ్గా తిరిగేది ఈ ధరలో దొరకదు. జిమ్నీ మీద కూడా నాకు గౌరవం ఉంది. దాని బలం బరువు తక్కువ కావడంలో ఉంది. సూర్యలంక లాంటి చోట పొడి ఇసుకలోకి దిగాల్సి వస్తే బరువైన బండి కూరుకుపోతుంది, ఇది పైపైన తేలిపోతుంది. ఏ ట్రిమ్ తీసుకున్నా ఫోర్ బై ఫోర్, లో రేంజ్ తప్పనిసరిగా వస్తాయి, ఆ విషయంలో అంత నిజాయితీ ఉన్న కొటేషన్ ఇంకోటి లేదు. టార్క్ మాత్రం 134 న్యూటన్ మీటర్లే, అదీ 4,000 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. నిండా మనుషులతో, సామానుతో ఎక్కాలంటే ఇంజిన్‌ని బాగా అరిపించాలి.

మిగిలినవి ఐదు తలుపుల గుర్ఖా, థార్ రాక్స్. గుర్ఖా 2.6 లీటర్ల డీజిల్, 140 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు, రెండు లాకర్లు, గాలిని పైనించి పీల్చే స్నార్కెల్ గొట్టం కంపెనీ నించే బిగించి వస్తుంది. డొంక ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే అదే గెలుస్తుంది. మావాడు గుంటూరు నించి రోడ్డు మీద తిరిగే దూరం ఎక్కువ, పట్టణంలో బ్రాడీపేట సందుల్లో తిప్పాలి, వాడి భార్య కూడా నడపాలి. అందుకని రాక్స్ వైపు మొగ్గాం.

రాక్స్‌కి వచ్చేసరికి డీజిల్, పెట్రోల్ వాదన దానంతట అదే తీరిపోయింది. రాక్స్‌లో పెట్రోల్‌కి ఫోర్ బై ఫోర్ ఇవ్వలేదు. 2.2 డీజిల్‌కి మాత్రమే ఇచ్చారు. అయినా ఈ వాదన అందరికీ వచ్చేదే కాబట్టి విడిగా చెప్పాలి.

డీజిల్ ఇంజిన్ తక్కువ ఆర్పీఎంలోనే పూర్తి టార్క్ ఇస్తుంది. థార్ 2.2 డీజిల్ 300 న్యూటన్ మీటర్లు 1,600 ఆర్పీఎం నించే అందిస్తుంది. బురదలో కావాల్సింది అదే. పాదం తేలిగ్గా ఆనించి, చక్రం జారకుండా మెల్లగా లాగడం. ఇప్పటి టర్బో పెట్రోల్ కూడా ఇందులో ఏమీ తీసిపోదు, నిజం చెప్పాలంటే థార్ 2.0 పెట్రోల్ ఇంకా ముందే, 1,250 దగ్గరే అందుకుంటుంది, ఇంజిన్ చప్పుడు కూడా తక్కువ. తేడా పంపు దగ్గర వస్తుంది. లెక్క కోసం ఏడాదికి 12,000 కిలోమీటర్లు, పెట్రోల్ లీటరుకి 9 కిలోమీటర్లు, డీజిల్ 12 కిలోమీటర్లు, ధరలు 110, 98 రూపాయలు అనుకుందాం. పెట్రోల్‌కి దాదాపు 1,46,700 రూపాయలు, డీజిల్‌కి 98,000. ఏడాదికి 48,700 రూపాయల దాకా తేడా. మీరు 5,000 కిలోమీటర్లే తిరిగితే ఇది 20,000కి పడిపోతుంది, అప్పుడు పెట్రోల్ నిశ్శబ్దమే మేలు. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంచెం తగ్గుతుంది, అదీ లెక్కలో పెట్టుకోవాలి.

డీజిల్‌కి ఉన్న ఇబ్బంది పొగ గొట్టంలో ఉండే ఫిల్టర్. దాన్ని డీపీఎఫ్ అంటారు. మసిని పట్టి ఉంచుతుంది, బాగా వేడెక్కినప్పుడు దాన్ని కాల్చి శుభ్రం చేసుకుంటుంది. బడి దాకా రెండు కిలోమీటర్లు, కూరల మార్కెట్ దాకా ఒకటి, ఇలా తిరిగితే ఆ వేడి రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. గుంటూరు చుట్టుగుంటలో ఉండి అరండల్‌పేట దాటనివాళ్లకు డీజిల్ వద్దు. వారానికోసారైనా హైవే ఎక్కి కాజ టోల్‌గేట్ దాకా ఆగకుండా పోయి వచ్చే అలవాటుంటే ఏ బాధా లేదు. మావాడికి పెదనందిపాడు ప్రయాణమే ఆ పని చేస్తుంది.

ఇంకో భయం, డీజిల్ బండి పదేళ్లకు ఇనప్పసామాను కింద పోతుందని. ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవచ్చు. ఈ ఒక్క అపోహతో డీజిల్ వదిలేసినవాళ్లను నేను నలుగురిని చూశాను.

గేర్‌బాక్స్ మీద ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. మా చెల్లెమ్మకి, అంటే వాడి భార్యకి, ఆటోమేటిక్ కావాలి, గుంటూరు ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేనంటుంది, ఆ మాట న్యాయమే. బురదలో ఆటోమేటిక్ చేతకానిది అనుకోవడం పాత మాట. క్లచ్‌కి బదులు నూనె ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ బలాన్ని మెత్తగా వదులుతుంది, క్లచ్ కాలే వాసన రాదు, కొత్తవాళ్లు కూడా ధైర్యంగా నడపొచ్చు. మాన్యువల్‌లో దిగుడు దగ్గర ఇంజినే గట్టిగా పట్టి ఆపుతుంది, మరమ్మతు ఆటోనగర్‌లో ఎవరైనా చేస్తారు. కానీ చూడండి మూట ఎలా కట్టారో. రాక్స్ ఫోర్ బై ఫోర్ మొదలయ్యేదే ఎంఎక్స్5 ట్రిమ్ నించి, అక్కడ మాన్యువల్. ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ కావాలంటే ఏఎక్స్5ఎల్‌కి పోవాలి, ఆ పైన ఏఎక్స్7ఎల్. అంటే క్లచ్ పెడల్ ఒకటి వద్దనుకుంటే, దాంతో పాటు మనం అడగని డ్రైవర్ సాయం రాడార్లూ కెమెరాలూ కలిపి కొనాలి. అవి హైవే మీద మంచివే. గేదెలు అడ్డొచ్చే మా ఊరి రోడ్డు మీద ఎంతవరకు అక్కరకొస్తాయో నాకు నమ్మకం లేదు.

ట్రిమ్‌ల సంగతిలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు టైరు చూడండి. ఏఎక్స్7ఎల్‌కి 19 అంగుళాల చక్రాలు, ఎంఎక్స్5కి 18 అంగుళాలు. షోరూమ్‌లో పెద్ద చక్రం అందంగా ఉంటుంది. కానీ రిమ్ పెద్దదయ్యేకొద్దీ రబ్బరు గోడ ఎత్తు తగ్గుతుంది. రాయి తగిలినా, గుంటలో పడినా ఆ గోడే దెబ్బ తినాలి. ఇసుకలో గాలి తగ్గించి టైరును పరచాలన్నా ఆ గోడే వంగాలి. పొలం మనిషికి చిన్న రిమ్, ఎత్తు గోడ ఉన్న టైరే ఆస్తి. ఏ టైరైనా తడి నల్లరేగడిలో గీతలు నిండిపోతాయని ముందే ఒప్పుకోవాలి. వెడల్పు గీతలున్నవి కొంచెం త్వరగా మట్టిని విదిలిస్తాయి, అంతే. నాలుగు రోజుల ముసురు తర్వాత ఆ డొంకలో ఏ బండైనా ట్రాక్టర్ ముందు తల వంచాల్సిందే. ఫోర్ బై ఫోర్ మనకు ఇచ్చేది ఒక్క రాత్రి వాన తర్వాతి పొద్దు.

తర్వాత సీటు రంగు. చిన్న విషయంలా ఉంటుంది, కాదు. రాక్స్ వచ్చిన కొత్తలో లోపలంతా తెల్లటి సీట్లే. తర్వాత ఫోర్ బై ఫోర్ రకాలకు ముదురు గోధుమ రంగు కూడా ఇచ్చారు. కోత రోజుల్లో మిర్చి ధూళి అంటిన లుంగీతో ఎక్కే ఇంట్లో ఆ ముదురు రంగు కోసం నెల ఆగాల్సి వచ్చినా ఆగమంటాను.

భద్రత విషయంలో కింది ట్రిమ్ కొంటే నష్టపోతామన్న బెంగ రాక్స్‌లో అక్కర్లేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు, జారకుండా పట్టే ఈఎస్‌సీ అన్నిట్లోనూ ఉన్నాయి, 2024లో కార్లను గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. వేరే బండి చూసేవాళ్లు మాత్రం తమ ట్రిమ్‌లో ఎన్ని బ్యాగులున్నాయో లెక్కపెట్టుకోండి. వెనక గాలి వచ్చే ఏసీ రంధ్రాలు కూడా చూడండి, మే నెల గుంటూరు ఎండలో వెనక కూర్చున్న అత్తయ్యకి సన్‌రూఫ్ కంటే అవే ముఖ్యం.

రాక్స్‌కి ఒక లోటు ఉంది, దాచను. థార్ రెండు ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు, రాక్స్‌కి 2,850. ఆ 400 మిల్లీమీటర్ల పొడుగు వల్ల మిట్ట ఎక్కి దిగేటప్పుడు పొట్ట నేలకు తగిలే ప్రమాదం ఎక్కువ. అందుకే మావాణ్ణి టేపు ఇచ్చి డొంకకి పంపాను. మధ్య మిట్ట ఎక్కడ ఎక్కువ ఎత్తుందో కొలిచి రాసుకొచ్చాడు. తూము దగ్గర గట్టు ఒక్కటే అనుమానం, దాన్ని పారతో కొంచెం చెక్కితే సరిపోతుంది. ఇదే కారణంతో, షోరూమ్ అమ్మాయి అందంగా చూపించిన కింది మెట్ల యాక్సెసరీ వద్దన్నాం. పక్కన వేలాడే ఆ ఇనుప మెట్టు గట్టుకి మొదట తగిలేది. అత్తయ్య కోసం చిన్న పీట ఒకటి డిక్కీలో పెడితే సరి.

నీళ్ల సంగతి చెప్పకుండా విజయవాడ మనిషి ఈ వ్యాసం ముగించలేడు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ వాహనాలూ మునిగిన రోజులు కళ్లముందే ఉన్నాయి. థార్, రాక్స్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో నడవగలవని, గుర్ఖా 700 దాకా పోగలదని కంపెనీలు చెబుతాయి. 650 అంటే మనిషి మోకాలు దాటి తొడ సగానికి వస్తుంది. అది మెల్లగా నడిపినప్పటి, నిలకడ నీటి మాట. పారే నీళ్లలో అంతకంటే తక్కువ లోతే బండిని పక్కకు తోసేస్తుంది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకండి. గాలి గొట్టంలోంచి లోపలికి పోయిన నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్స్ ఆ నష్టానికి డబ్బులివ్వకపోవచ్చు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ పాలసీలో ఉందో లేదో చూసుకోండి. మన ఊళ్లో ఉన్నవాళ్లకి దాని మీద పెట్టే డబ్బు, లెదర్ స్టీరింగ్ మీద పెట్టే డబ్బు కంటే ఎన్నో రెట్లు విలువైనది.

కొటేషన్‌లో ఎక్స్ షోరూమ్ ధర చూసి బడ్జెట్ వేసుకోవద్దు. లైఫ్ ట్యాక్స్ బండి ధర పెరిగేకొద్దీ శాతంలోనూ పెరుగుతుంది. ట్రిమ్ ఒక మెట్టు పైకెక్కితే ట్యాక్సు, ఇన్సూరెన్స్ కూడా వెంట ఎక్కుతాయి. రెండు ట్రిమ్‌ల మధ్య తేడాని ఎప్పుడూ ఇవన్నీ కలిపిన ఆన్ రోడ్ ధరలోనే పోల్చండి. ఇక కింది ట్రిమ్ కొని మిగతావి ఆటోనగర్‌లో బిగించుకుందామనే ఆలోచన సీటు కవర్లకి, పాటల పెట్టెకి బాగానే ఉంటుంది. ముందు ఇనుప బుల్‌బార్ బిగించడాన్ని కేంద్రం 2017లోనే తప్పు పట్టింది, ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికి కూడా అది అడ్డం. టూ వీల్ డ్రైవ్ కొని తర్వాత ఫోర్ బై ఫోర్ చేయించుకోవడం అనే మాట ఎవరైనా చెబితే నమ్మకండి. కంపెనీ తయారు చేసి ఇచ్చిన దానికి భిన్నంగా బండి రూపం మార్చడం చట్టం ఒప్పదు, వారంటీ కూడా పోతుంది. అందుకే మొదట్లో చెప్పింది. డ్రైవ్ తర్వాత కొనుక్కోలేం, స్క్రీన్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

చివరికి కవరులో మిగిలింది ఒక్క కాగితం, ఎంఎక్స్5 డీజిల్ మాన్యువల్ ఫోర్ బై ఫోర్. చెల్లెమ్మ ఆటోమేటిక్ ఆశ వదులుకుంది, దానికి బదులు టౌన్‌లో తిరగడానికి స్కూటీ మార్చమంది, అదీ న్యాయమైన బేరమే. బండి వచ్చాక చెయ్యాల్సింది మావాడికి ఇప్పుడే చెప్పి ఉంచాను. వాడకపోయినా నెలకోసారి ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ వెయ్యాలి, లేకపోతే లోపలి భాగాలు పట్టేసుకుంటాయి. తారు మీద కాదు, కళ్లంలో. ఫోర్ ఎల్‌లోకి మారేటప్పుడు బండి పూర్తిగా ఆగాలి. డిక్కీలో లాగే తాడు, గాలి కొట్టే చిన్న పంపు, పొట్టి పార ఉండాలి. తూము దగ్గరికి వచ్చాక కాదు, తూముకి ముందున్న గట్టి నేల మీదే లివర్ మార్చుకోవాలి.